వాడిలో ఇంకా ఉందండీ

నూజివీడు బస్టాండు ఎదురుగా కట్టిన నివాళి ఫ్లెక్సీలో అతని ముఖానికి రంగు సరిగ్గా కుదిరింది. అతను పోయాడని తెలిసిన క్షణంలో నాకు ముందుగా తట్టింది అదే. చావు ఫ్లెక్సీల్లో మామూలుగా మనుషులు పసుపు పూసినట్టుంటారు, లేకపోతే సున్నం కొట్టినట్టుంటారు. ఇందులో అతను తన చామనఛాయలోనే ఉన్నాడు. ఎడమ కనుబొమ మీద గాటు కూడా చెరపలేదు. ఎవరినో తిట్టబోయి ఫోటో కోసం ఒక్క క్షణం ఆగినట్టున్నాడు. కింద మూల చిన్న అక్షరాల్లో బాపులపాడులోని ఒక ఫ్లెక్సీ షాపు పేరుంది. డైరీలో రాసుకున్నాను.

అతని పేరు రాయను. ఊళ్ళో ఎవరూ పేరుతో పిలిచేవారు కాదు. పెళ్ళి వీడియోలు, ఆల్బమ్‌లు చేసే స్టూడియో అతనిది. అందుకని స్టూడియో అనేవారు. స్టూడియో వచ్చాడు, స్టూడియో తిట్టాడు, ఇప్పుడు స్టూడియో పోయాడు. ఎలా పోయాడని అడిగితే కామెర్లు. మందు తాగి కాదు, వేగంగా బతికి కాదు. అతని జీవితానికీ ఆ చావుకీ ఏ పోలికా లేదు. పోలికలు వెతికేవాళ్ళని చూస్తే అతనికి ఒళ్ళు మంట కూడా.

నేను ఉద్యానశాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. మామిడి తోటల్లో పూత ఏ రోజు కనిపించింది, పిందె ఎంత నిలిచింది, వాన ఎన్ని మిల్లీమీటర్లు పడింది, ఇవి రాయడమే నా పని. రిటైరయ్యాక జీపు పోయింది, ఆఫీసు పోయింది, రాయడం మాత్రం పోలేదు. అతను నన్ను డైరీ గారూ అని పిలిచేవాడు. నా కంటే పద్దెనిమిదేళ్ళు చిన్నవాడు. ఆ గారులో గౌరవం ఎంతుందో వెతికాను. దొరకలేదు.

అతని దగ్గరికి మొదట వెళ్ళింది మా ఆవిడ గొంతు కోసం. ఆమె పోయి అప్పటికి రెండేళ్ళయింది. మా ఇంట్లో ఆమె మాట్లాడిన వీడియో క్యాసెట్టు ఒక్కటే ఉంది. అది కూడా బూజు పట్టింది. విజయవాడలో ఇద్దరు కుదరదన్నారు. ఇతను క్యాసెట్టుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "వదిలేసి వెళ్ళండి, రేపు రండి," అన్నాడు. మర్నాడు వెళితే పదకొండు నిమిషాలు శుభ్రంగా తీసి పెట్టాడు. ఆమె కాఫీ గ్లాసులు లెక్కపెడుతోంది, ఎవరినో కూర్చోమంటోంది. నేను కళ్ళు తుడుచుకుంటూ ఉంటే అతను పచ్చి మామిడికాయని ఆల్బమ్‌లు కోసే కత్తితో చెక్కుతూ అన్నాడు:

"మీ ఆవిడ ఎక్కడా నవ్వలేదండీ. మొత్తం చూశాను. మీరు అవతల మూల కూర్చుని రాసుకుంటున్నారు. ఇంక ఏం నవ్వుద్ది?"

అది నిజమే. క్యాసెట్టులో నేను రాసుకుంటూనే కనిపిస్తాను. ఆ మాటకి కోపం వచ్చి మళ్ళీ ఆ మెట్లు ఎక్కకూడదనుకున్నాను. కాని మర్నాడు పదింటికి అక్కడే ఉన్నాను. తర్వాత రెండేళ్ళు దాదాపు రోజూ ఉన్నాను.

స్టూడియో మామిడికాయల ప్యాకింగ్ షెడ్డు మీద మేడ. లోపల నాలుగు కుర్చీలు ఉండేవి, అతను మాత్రం ఎప్పుడూ కూర్చునేవాడు కాదు. నిలబడి, ఒక అరచెయ్యి కంప్యూటర్ పెట్టె వెనక ఫ్యాను దగ్గర పెట్టి ఉంచేవాడు, పిల్లల నుదుటి మీద పెట్టినట్టు. ఆ కంప్యూటరే అతని గర్వం. దానిలోని ప్రాసెసర్‌ని, అంటే లెక్కలన్నీ చేసే ఆ చదరపు బిళ్ళని, కంపెనీ చెప్పిన వేగం కంటే బాగా ఎక్కువ వేగంతో నడిపేవాడు. సెట్టింగుల్లోకి వెళ్ళి, దానికి అందే వోల్టేజి పెంచితే అలా పరిగెడుతుంది. ఓవర్‌క్లాకింగ్ అంటారు. మిగతా స్టూడియోలు రెండు రోజులు తీసుకునే పెళ్ళి వీడియో ఇక్కడ ఒక్క పూటలో తయారయ్యేది.

"కంపెనీవాడు పిరికోడండీ. ఎందుకైనా మంచిదని కొంత దాచిపెట్టి అమ్ముతాడు. మనం తీసుకోవాలి," అనేవాడు. ఫ్యాను మీద నుంచి చెయ్యి తీసి, ఉంగరంతో పెట్టెని రెండుసార్లు కొట్టి, "వాడిలో ఇంకా ఉందండీ," అనేవాడు.

ఆ మాట ఒక్క ప్రాసెసర్ గురించే కాదు. పిండేసిన నిమ్మచెక్క గురించి అన్నాడు. రెడ్డిగూడెం దగ్గర వాళ్ళ నాన్న వేసిన బంగినపల్లి తోట గురించి అన్నాడు. ఏటా పూత రావడానికి చెట్ల మొదళ్ళలో మందు పోయించేవాడు. మొదటి రెండేళ్ళు కాపు విరగకాసింది. మూడో ఏడు ఆకు చిన్నదైంది, కొమ్మలు గిడసబారాయి. నేను వెళ్ళి చూసి, ఒక ఏడాది మందు ఆపి చెట్లకి విశ్రాంతి ఇమ్మన్నాను.

"చెట్టుకి సెలవేంటండీ? గవర్నమెంటు ఉద్యోగమా?" అన్నాడు. నాలుగో ఏడు మందు పెంచాడు.

సునీత గురించి కూడా ఆ మాటే అనేవాడు. వీడియోలు ఎడిటింగ్ చేసేది ఆమే. రెడ్డిగూడెం నుంచి బస్సులో వచ్చేది. ముప్పై దాటిన మనిషి. భర్త మంచం మీద ఉన్నాడు, ఇల్లు ఆమె చేతుల మీద నడుస్తోంది. పొద్దున తొమ్మిదింటికి కుర్చీలో కూర్చుంటే మళ్ళీ సాయంత్రం ఆరింటికి లేచేది. చెయ్యి నొప్పిగా ఉందని అంటే, "ఎడం చేత్తో చెయ్యి. ఇంకా ఉంది నీలో," అనేవాడు. చివరికి ఆమే తన చేతికి సరిపోయే మౌసు ఒకటి కొనుక్కుని తెచ్చుకుంది.

కాని మనుషుల ఒంటి రంగు ఎలా పట్టుకోవాలో ఆమెకి నేర్పింది అతనే. తిట్టి నేర్పాడు. ఒకసారి పెళ్ళికూతుర్ని తెల్లగా చేసి చూపిస్తే తెర మీద వేలు పెట్టి, "ఇదెవరమ్మా? చచ్చి మూడ్రోజులైనట్టుంది. ఆ పిల్లకి ఒక రంగుంది, వాళ్ళమ్మ కని ఇచ్చింది. అది తీసెయ్యడానికి నువ్వెవరు?" అన్నాడు. ఆమె ఏడుస్తూ మళ్ళీ చేసింది. రెండోసారి చేసింది నేను చూశాను. పెళ్ళికూతురు లేచి వచ్చి మాట్లాడేలా ఉంది. అతను మాత్రం, "ఊఁ. పర్లేదు. మనిషిలా ఉంది," అని వెళ్ళిపోయాడు.

ఒక జనవరిలో కంప్యూటర్ ఆగిపోవడం మొదలైంది. వీడియో తయారవుతూ మధ్యలో తెర నీలంగా మారేది, మళ్ళీ మొదటి నుంచి చెయ్యాల్సి వచ్చేది. మొదట వారానికోసారి. తర్వాత మూడు రోజులకోసారి.

అతను బాగుచేసే పద్ధతి చూస్తే నాకు తల తిరిగేది. మెమరీ మార్చేవాడు, ఫ్యాను తుడిచేవాడు, ప్రాసెసర్ మీద చల్లదనానికి రాసే పేస్టు కొత్తది రాసేవాడు, వోల్టేజి ఒక మెట్టు పెంచేవాడు. అన్నీ ఒకేసారి. రెండు రోజులు నడిచేది. "చూశారా!" అనేవాడు.

"దేనివల్ల బాగుపడింది?" అని అడిగాను.

"బాగుపడింది కదండీ. ఎవరి పుణ్యమైతే ఏంటి?"

"రోజుకి ఒక్కటే మార్చండి. నేను రాస్తాను. అప్పుడు తేలుతుంది."

"ఒక్కొక్కదానికీ పెళ్ళిచూపులు చేద్దామంటారు," అని నవ్వాడు. కాని ఒప్పుకున్నాడు. వేరే దారి కనపడలేదు.

డైరీలో గళ్ళు గీశాను. తేదీ, గది వేడి, ప్రాసెసర్ వేడి, వోల్టేజి, ఆ రోజు మార్చినది, ఎన్ని నిమిషాలకి ఆగింది. గది వేడి కోసం ఇంటి దగ్గర నుంచి నా పాత థర్మామీటరు తెచ్చి గోడకి తగిలించాను. మెమరీ మార్చి చూశాం, ఆగింది. కరెంటు సరఫరా పెట్టె వేరేది పెట్టి చూశాం, ఆగింది. స్టెబిలైజరు మార్చాం. కింద షెడ్డులో కాయలకి పరిచే వరిగడ్డి నలుసు పైకి వచ్చి ఫ్యానులో చేరుతోందని కిటికీకి తడిగుడ్డ కట్టాం. రెండు డిగ్రీలు తగ్గింది గాని ఆగడం ఆగలేదు. ఇక మిగిలింది ప్రాసెసర్ ఒక్కటే. అదే వేగానికి జనవరిలో 1.28 వోల్టులు సరిపోయేది. ఏప్రిల్‌లో 1.32 ఇస్తే గాని నిలబడలేదు.

"అరిగిపోతోందండీ. వేగం తగ్గించండి," అన్నాను.

"ఎండలండీ. వానలు పడనివ్వండి. అయినా మీరు తోటల్లో చెప్పినట్టే ఇక్కడా చెప్తున్నారు. పుట్టినప్పటి నుంచీ తగ్గించమనడం తప్ప ఇంకేమైనా చెప్పారా ఎవరికైనా?"

వానలు పడ్డాయి. ఆగస్టులో గది వేడి మే నెల కంటే ఆరు డిగ్రీలు తక్కువ. ప్రాసెసర్ మాత్రం 1.38 అడిగింది. అప్పుడు కూడా రోజుకోసారి ఆగింది. ఎండ కాదని తేలిపోయింది. నాకు చాలా సంతోషం కలిగింది. ఆ సంతోషం గురించి తర్వాత ఎన్నోసార్లు ఆలోచించాను.

ఇంకొకటి కూడా నా గళ్ళలో ఉంది. కంప్యూటర్ సునీత చేతిలో ఆగిపోతోందని అతను అప్పటికే వచ్చినవాళ్ళందరితో అంటున్నాడు. కాని ఆదివారం ఆమె చర్చికి వెళ్తుంది, షాపుకి రాదు. ఆ రోజు అతనే చేస్తాడు. ఆదివారాల్ని నేను ఎర్ర సిరాతో రాస్తాను, ఉద్యోగంలో అలవాటు. మొత్తం అరవై మూడుసార్లు ఆగితే అందులో ఏడు ఎర్ర సిరాలో ఉన్నాయి.

శ్రావణమాసం పెళ్ళిళ్ళ మధ్యలో ఒక ఉదయం అతను తనంతట తానే అన్నాడు: "సరే డైరీ గారూ, మీ ముచ్చట తీర్చుకోండి. రేపటి నుంచి వారం రోజులు కంపెనీ వేగంలోనే నడుపుతాను. మీరు పక్కన కూర్చుని రాసుకోండి." ఎనిమిది నెలలుగా నేను ఎదురుచూసిన మాట అది.

ఆ రోజే మధ్యాహ్నం చింతలపూడి నుంచి ఒక పెళ్ళికూతురి తండ్రి వచ్చాడు. కూతురి పెళ్ళి వీడియో ఆయన చేతిలో ఉన్న పెన్‌డ్రైవ్‌లో ఉంది. పెట్టి చూపించాడు. జీలకర్ర బెల్లం దగ్గర తెరంతా పచ్చగళ్ళు. తాళి కడుతుంటే పచ్చగళ్ళు. తర్వాత తేటగా కనిపించింది టిఫిన్లు తింటున్న జనం.

"నా కూతురి పెళ్ళేదయ్యా ఇందులో? ఇడ్లీలు నమిలేవాళ్ళని చూడ్డానికా నిన్ను పిలిచింది?" అన్నాడాయన.

అతను ఫ్యాను మీద నుంచి చెయ్యి తియ్యలేదు. గడ్డంతో సునీతని చూపించాడు. "ఆవిడ్ని అడగండి. కెమెరా కార్డులు కంప్యూటర్లోకి ఎక్కించిందీ ఆవిడే, తర్వాత కార్డులు చెరిపేసిందీ ఆవిడే."

సునీత లేచి నిలబడింది. "మీరే కదండీ చెరిపెయ్యమన్నారు? ఇంకో పెళ్ళికి కార్డులు కావాలన్నారు. ఎక్కినవి ఒకసారి తెరిచి చూస్తానంటే టైమ్ లేదన్నారు."

"అందరి దగ్గరా సరిగ్గా ఎక్కుతాయి. నీ దగ్గరే గళ్ళు పడతాయేం?"

"సిస్టమ్ ఆగిపోతోందని ఆర్నెల్ల నుంచి చెప్తూనే ఉన్నానండీ."

"నువ్వు ముట్టుకుంటేనే ఆగుద్ది."

ఆమె చుట్టూ చూసింది. నా మీద కళ్ళు నిలిపింది. "డైరీ సార్‌ని అడగండి. రోజూ రాస్తున్నారు. సార్, చెప్పండి సార్. నేను లేని రోజు కూడా ఆగింది కదా?"

పుస్తకం నా ఒళ్ళోనే తెరిచి ఉంది. పెళ్ళికూతురి తండ్రి నా వైపు తిరిగాడు. స్టూడియో కూడా తిరిగాడు. అతని ముఖంలో భయం లేదు, బతిమాలడం లేదు. చాలా నెమ్మదిగా అన్నాడు: "చెప్పండి డైరీ గారూ. మీ లెక్క మీరు చెప్పండి."

చెబితే ఆ సాయంత్రమే నన్ను మెట్లు దింపేస్తాడు. రేపటి పరీక్ష ఉండదు. ఎనిమిది నెలల గళ్ళకి కింద గీత పడదు.

"ఇంకా తేలలేదండీ. పరీక్ష జరుగుతోంది," అన్నాను.

ఆమె టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంది. వంగి తన మౌసు తీగ పీకి, చుట్ట చుట్టి తీసుకుంది. మెట్లు దిగుతున్నప్పుడు చెప్పుల చప్పుడు కింద దాకా వినిపించింది.

పెళ్ళి వీడియో పోగొట్టిన మనిషన్న పేరు పడితే ఈ చుట్టుపక్కల ఏ స్టూడియో తీసుకోదు. తీసుకోలేదు. తర్వాతి సీజన్లో ఆమె మా కింది షెడ్డులోనే కనిపించింది, బుట్టల్లో గడ్డి పరిచి కాయలు పేరుస్తూ. అతను మేడ మీద నుంచి వంగి చూసి, చేతిలో మామిడి టెంక కిందకి విసిరి అడిగాడు:

"ఏమ్మా సునీతా, అక్కడ ఏమీ ఆగిపోవడం లేదుగా?"

షెడ్డులో ఆడవాళ్ళు కొందరు నవ్వారు. ఆమె తల ఎత్తలేదు. నేను అతని పక్కనే నిలబడి ఉన్నాను.

పరీక్ష సంగతి చెప్పాలి. వారం రోజులూ కంపెనీ వేగంలో కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆగలేదు. ఎనిమిదో రోజు ఉదయం గళ్ళ కింద గీత గీసి, అతనికి చూపించాను. అతను పుస్తకం తీసుకుని ఒక్కొక్క పేజీ శ్రద్ధగా చూశాడు. అలా చూడటం అదే మొదటిసారి. తిరిగి ఇచ్చేసి, "బాగా రాశారండీ. వారం రెస్టు తీసుకున్నాడు కదా, ఇప్పుడు లేపుదాం," అని వోల్టేజి 1.42 పెట్టాడు. వేగం మొదటికంటే ఇంకో మెట్టు పైకి.

ఆ టెంక విసిరిన రోజు తర్వాత పదిహేను రోజులకి ప్రాసెసర్ పూర్తిగా పోయింది. కంపెనీ వేగంలో కూడా లేవలేదు. తెర నల్లగా ఉండిపోయింది. అతను పెట్టె విప్పి, దాన్ని బయటికి తీసి, లుంగీ అంచుతో పేస్టు తుడిచి నా చేతిలో పెట్టాడు.

"మీ డైరీలో పెట్టుకోండి. నెమలీకలాగా."

అప్పుడు అడిగాను. ముందే అడగవలసింది. "మరి సునీత సంగతేంటి? ఆదివారాలు కూడా ఆగింది. నా దగ్గర ఉంది."

"ఆదివారాలు ఇక్కడ కూర్చున్నది నేనండీ. నాకు తెలీదా ఏంటి?" అన్నాడు. మామిడికాయ ముక్కకి ఉప్పూకారం అద్దుకున్నాడు. "ఆ రోజు ఆయన ఎవర్నో ఒకళ్ళని తిట్టకుండా వెళ్ళడు. ఎవరో ఒకళ్ళు పోవాలి. వీణ్ణి పంపించలేను కదా, వీడి మీద బతుకుతున్నాను."

నేను ప్రాసెసర్‌ని జేబులో వేసుకున్నాను.

"మీకు మాత్రం తెలీదేంటి?" అన్నాడు ముక్క నములుతూ. "ఎర్రగా రాసి పెట్టుకున్నారు. ఆవిడ అడిగింది. నేను కూడా అడిగాను. చెప్పమనే అన్నాను కదండీ? చెబుతారేమో చూద్దామనుకున్నాను." నా భుజం మీద చెయ్యి వేశాడు, ఫ్యాను మీద వేసినట్టు. "మీలో ఏమీ లేదండీ డైరీ గారూ. ఒట్టి కాగితం."

అతను నాతో అన్న మాటల్లో నేను కాదనలేనిది అది. మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు. కొత్త ప్రాసెసర్ కొన్నాడని, దాన్నీ అలాగే నడుపుతున్నాడని, రెడ్డిగూడెం తోటలో సగం చెట్లు కొట్టించేశాడని విన్నాను. కొన్నేళ్ళకి కామెర్లు. తర్వాత ఫ్లెక్సీ.

ఫ్లెక్సీ చూసిన మర్నాడు ఆ గళ్ళు గీసిన సంవత్సరం డైరీ సంచిలో పెట్టుకుని బాపులపాడు వెళ్ళాను. ఆ ఒంటి రంగు చూసినప్పుడే అనుమానం వచ్చింది. అనుమానం నిజమైంది. షాపులో కంప్యూటర్ ముందు సునీత కూర్చుని ఉంది. జుట్టు కొంత నెరిసింది. మౌసు మాత్రం అదే.

"రండి సార్," అంది. లేవలేదు. స్టూలు జరిపింది.

"అతని ఫోటో బాగా చేశావమ్మా," అన్నాను.

"ఆయన నేర్పిందేనండీ. వేరేలా చేస్తే ఆ ఫ్లెక్సీలోంచే తిడతారు."

డైరీ తీసి బల్ల మీద పెట్టాను. "ఇందులో ఆదివారాలు ఉన్నాయి. ఎర్ర సిరాలో. నువ్వు లేనప్పుడు ఏడుసార్లు ఆగింది. నీకు ఇవ్వాలని తెచ్చాను."

ఆమె తెరిచింది. మధ్యలో ఉన్న ప్రాసెసర్ జారి బల్ల మీద పడింది. తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంత చిన్నదా అండీ?" అని పక్కన పెట్టింది. ఎర్ర సిరా పేజీలు ఆగకుండా తిప్పేసింది. ఆమె వెతుకుతున్నది వేరే పేజీ. దొరికింది. పైకి చదివింది.

"'పరీక్షకు ఒప్పుకున్నాడు. వోల్టేజి 1.38. గది వేడి 29. సునీతను పంపేశాడు. రేపటి నుంచి తక్కువ వేగం. వాన 14 మిల్లీమీటర్లు.'"

కాసేపు ఆ పేజీ మీద వేలు పెట్టి ఉంచింది.

"ఆ రోజు వాన నిజమేనండీ. బస్సు లేటయింది, తడిసిపోయాను," అంది. తర్వాత, "ఆ పరీక్ష పాసైందా సార్?" అని అడిగింది.

"అయిందమ్మా. వారం రోజులూ ఒక్కసారి కూడా ఆగలేదు."

"మంచిది," అంది. ప్రాసెసర్‌ని మళ్ళీ పేజీల మధ్య పెట్టి, డైరీ మూసి, నా వైపు జరిపింది. "ఇది మీ దగ్గరే ఉంచుకోండి. నేనిప్పుడు ఎవరికి చూపించుకోవాలండీ?"

తెర మీద ఇంకెవరిదో నివాళి సగం తయారై ఉంది. ముఖం బూడిదరంగులో, మసకగా ఉంది. ఆమె దాని వైపు తిరిగి మౌసు మీద చెయ్యి వేసింది. నేను లేచాను. గుమ్మం దాకా వెళ్ళాక వెనక నుంచి పిలిచింది. తిరిగి చూస్తే ఆమె తెర వైపే చూస్తోంది.

"మీది మంచి ఫోటో ఒకటి తీయించి ఉంచుకోండి సార్. చివర్లో అందరూ ఆధార్ కార్డులో ఫోటో తెస్తున్నారు. దాంట్లోంచి మనిషిని తీయడం చాలా కష్టంగా ఉంటోందండీ."